పడవ లేని ట్యాంకుల ఆట

మిషన్ లేకుండా క్యాసెట్ కొన్న మనిషిని నేను. ఇప్పుడు నా అలమరాలో నాలుగు అరల నిండా పాత వీడియో గేములున్నాయి గానీ, అన్నిటికంటే ముందు ఇంట్లోకి వచ్చింది అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ ముక్క ఒక్కటే. దాన్ని పెట్టడానికి మిషన్ లేదు. మిషన్ ఉన్నా కలపడానికి పాత టీవీ లేదు. రెండు నెలలు అది నా టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే బరువులా పడి ఉంది. చూసినవాళ్లు ఏంటిది అనడిగితే "గేమ్" అనేవాణ్ని. "ఎలా ఆడతారు?" అంటే మాత్రం నా దగ్గర జవాబు ఉండేది కాదు.

క్యాసెట్ అంటే పాటల క్యాసెట్ కాదు. సేకరించేవాళ్లంతా కార్ట్రిడ్జ్ అంటారు, అదే సరైన మాట. చిన్నప్పుడు మాకు అది క్యాసెట్టే. ఇంత వయసొచ్చాక నాలుక మార్చుకోవడం నా వల్ల కాదు.

అప్పుడు మా దగ్గరున్న మిషన్ మీద ఏ పేరు రాసి ఉండేదో గుర్తు లేదు. గుర్తున్నా లాభం లేదు, అది అసలు పేరు కాదు. నింటెండో కంపెనీ 1983 జులై 15న జపాన్‌లో ఫ్యామికామ్ అనే మిషన్ విడుదల చేసింది. దాన్ని చూసి ఎక్కడికక్కడ ఎవరికి తోచిన పేరుతో వాళ్లు నకళ్లు చేసి అమ్మేశారు. రష్యాలో డెండీ, పోలండ్‌లో పెగసస్. అక్కడి పిల్లలు చాలామంది నింటెండో పేరు వినకుండానే నింటెండో ఆటలాడుతూ పెరిగారు. మా కథా అదే. అన్నయ్యకూ నాకూ అది ఉత్త 'వీడియో గేమ్'. లోకంలో అలాంటిది ఇంకొకటి ఉంటుందని కూడా అనుకోలేదు.

దానితోపాటు వచ్చిన పసుప్పచ్చ క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని పెద్ద అంకెలు. అన్నయ్య ఒకసారి నోటుబుక్కు పెట్టుకుని లెక్కేశాడు. ఇరవై దాటలేదు. మిగతావన్నీ మళ్లీ అవే. ఒకటి రెండో లెవెల్ నుంచి మొదలవుతుంది, ఒకటి ఐదో లెవెల్ నుంచి, ఇంకోదాంట్లో లైవ్స్ ఎక్కువ. అయినా మాకు మోసపోయామని అనిపించలేదు. 9999 అనే అంకె అలా టీవీలో మెరుస్తుంటే ఒకరకమైన ధీమాగా ఉండేది, ఈ జన్మకు ఆటలు అయిపోవని.

ఆ ఆటలకు మేం పెట్టుకున్న పేర్లు వేరే. సింహం మీద కూర్చుని నిప్పుల చక్రాల్లోంచి దూకేది సింహం ఆట. సుత్తితో మంచు పగలగొట్టుకుంటూ పైకెక్కేది సుత్తి ఆట. పెద్దయ్యాక వాటి అసలు పేర్లు సర్కస్ చార్లీ, ఐస్ క్లైంబర్ అని తెలిసినప్పుడు, ముద్దుపేరుతో తప్ప ఎన్నడూ పిలవని చుట్టాల అసలు పేర్లు కాగితం మీద చూసినట్టుండేది. అవునా, ఈయన పేరు ఇదా అని.

అన్నిట్లోకీ మేం ఎక్కువ ఆడింది ట్యాంకుల ఆట.

తెర కింద మధ్యలో చిన్న ఇటుకల గూడు, గూట్లో ఒక గద్ద. పైనుంచి శత్రువుల ట్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి దిగుతాయి, ఒక్కో స్టేజీకి ఇరవై. గద్దను కాపాడుకుంటూ ఇరవైనీ పేల్చేయాలి. పసుపు ట్యాంకు ఒకటో ప్లేయర్‌ది, అంటే అన్నయ్యది. ఆకుపచ్చది నాది. ఇది ఎవరూ కూర్చుని మాట్లాడుకున్న ఒప్పందం కాదు. ముందు పుట్టినవాడికి ఒకటో జాయ్‌స్టిక్, అంతే.

ఈ ఆటలో ఒక తిరకాసు ఉంది. మన గుండు తోటి ప్లేయర్‌కి తగిలితే వాడు చావడు. కాసేపు బిగుసుకుపోయి, ఉన్నచోటే మిణుకు మిణుకుమంటూ ఉండిపోతాడు. బోనస్ బొమ్మ వచ్చిన ప్రతిసారీ నా ట్యాంకు ఎందుకు బిగుసుకుపోతోందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. "తగిలిందిరా, పొరపాటున" అనేవాడు అన్నయ్య, ఆ బోనస్ తీసుకుని వెళ్లిపోతూ. అర్థమైన రోజున నేను నా ట్యాంకును నెమ్మదిగా కిందికి తీసుకొచ్చి, గూటి వైపు తిప్పి, మా గద్దను నేనే పేల్చేశాను. ఇటుకలు పగలడానికి రెండు గుళ్లు, గద్దకు ఒకటి. ఆట అయిపోయింది. అన్నయ్య టీవీ వైపు, నా వైపు మార్చి మార్చి చూసిన చూపు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాయను.

ఇంకో బోనస్ ఉండేది, పడవ బొమ్మ. అది దొరికితే ట్యాంకు నీళ్ల మీద వెళ్లిపోతుంది. మామూలుగా నది అడ్డొస్తే చుట్టూ తిరిగి రావాలి. పడవ దొరికిందంటే నేరుగా నది మీదే. దాని కోసం నేను ఎన్నిసార్లు బిగుసుకుపోయానో.

మిషన్ ఎప్పుడు పాడైందో, ఎవరు పారేశారో ఇద్దరికీ గుర్తు లేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక రాత్రి నిద్రపట్టక ఆ ఆట అసలు పేరేంటా అని వెతకడం మొదలుపెట్టాను. ఇటుకలు, గద్ద, ట్యాంకులు అని కొడితే అరగంటలో దొరికింది. బ్యాటిల్ సిటీ. నామ్‌కో కంపెనీ ఫ్యామికామ్ కోసం 1985లో తెచ్చిన ఆట. ఆ పేరు చూడగానే లోపల ఏదో కదిలింది. తెల్లారేసరికి ఒక పాత క్యాసెట్ అమ్మకానికి ఉంటే కొనేశాను. మిషన్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ 'తర్వాత చూద్దాంలే' అనే మాటకే ఇప్పుడు నా నాలుగు అరలూ నిండిపోయాయి.

మిషన్ కొనేటప్పుడు నాకు తెలిసిన మొదటి సంగతి, అన్ని నింటెండోలూ ఒకటి కావని. అదే మిషన్ అమెరికాకు 1985లో ఎన్‌ఈఎస్ అనే పేరుతో వెళ్లింది, డబ్బా వేరు, క్యాసెట్ కొలతా వేరు. ఫ్యామికామ్ క్యాసెట్‌కు కింద 60 పిన్నులు, ఎన్‌ఈఎస్ క్యాసెట్‌కు 72. దాంట్లో ఇది పట్టదు. ఇంకా నయం, కొనేముందే చదివాను.

చదవనిది అడాప్టర్ గురించి. నాకు మిషన్ అమ్మినాయన దయతలచి ఒక అడాప్టర్ కూడా పెట్టాడు. డబ్బా విప్పి, ఆత్రంగా ప్లగ్గులో పెట్టబోతూ అన్నయ్యకు ఫోన్ చేశాను, చూడు ఏం కొన్నానో అని చెప్పుకుందామని.

"అడాప్టర్ అడుగున ఏం రాసుంది, చదువు" అన్నాడు.

"అదెందుకు ఇప్పుడు..."

"చదవరా ముందు."

చదివాను. అవుట్‌పుట్ ఏసీ, 9 వోల్టులు. మిషన్ వెనక చూస్తే డీసీ, 10 వోల్టులు. అది ఎన్‌ఈఎస్ అడాప్టర్. ఎన్‌ఈఎస్ లోపల ఏసీని డీసీగా మార్చే ఏర్పాటు ఉంటుంది, ఫ్యామికామ్‌లో ఉండదు. దూర్చేందుకు పిన్ను బాగానే దూరుతుంది. స్విచ్ వేస్తే లోపల ఏది కాలిపోతుందో చెప్పలేం. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రోజుల్లో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి పిన్ను మధ్యలో ప్లస్, ఫ్యామికామ్‌కు మధ్యలో మైనస్. ఆ రోజు నుంచి ఇంట్లోకి ఏ మిషన్ వచ్చినా ముందు బోర్లా తిప్పి చదువుతాను. అడాప్టర్లకు పేర్లు రాసి చీటీలు అంటించాను. పాత గేములు కొనడం మొదలుపెట్టేవాళ్లెవరైనా నన్ను అడిగితే నేను చెప్పే మొదటి మాటా అదే. చాలామంది ఏ ఆట కొనాలని అడుగుతారు, నేను అడాప్టర్ గురించి మొదలుపెట్టేసరికి మొహం మాడుతుంది.

సరైన అడాప్టర్ వచ్చింది. ఎర్ర లైటు కూడా లేని ఆ మిషన్ బతికుందో లేదో తెలియాలంటే టీవీలో బొమ్మ రావాలి. బొమ్మ రాలేదు. ఇసక రాలినట్టు చుక్కలు. మొదటి ఫ్యామికామ్‌కు యాంటెన్నా వైరు దారి తప్ప వేరే వీడియో దారి లేదు, అది కూడా జపాన్ టీవీల ఒకటి, రెండు చానెళ్ల మీద వస్తుంది. ఆ చానెళ్లు మిగతా దేశాల టీవీల్లో వేరేచోట ఉంటాయి. మూడు రోజులు వెతికి వెతికి ఆ మిషన్‌ని అలమరాలో దేవుడి పటంలా పెట్టేసి, 1993లో వచ్చిన రెండో రకం ఫ్యామికామ్ ఇంకొకటి కొన్నాను. దానికి మామూలు ఆడియో-వీడియో (ఏవీ) వైర్లు పెట్టుకోవచ్చు.

అయినా మొదటిదాని మీదే నాకు మమకారం. ఎరుపు, మీగడ రంగు కలిసిన ఆ డబ్బాకు జాయ్‌స్టిక్‌లు పీకడానికి రావు, వైరు నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. రెండో జాయ్‌స్టిక్‌కు స్టార్ట్ బటన్ లేదు, సెలెక్ట్ లేదు. తమ్ముళ్లకు ఆట మొదలుపెట్టే హక్కు లేదని ముందే తీర్మానించేశారన్నమాట. వాటికి బదులు రెండోదాంట్లో చిన్న మైకు పెట్టారు. జపాన్ వాళ్ల జెల్డా ఆటలో పెద్ద చెవుల రాక్షసి ఒకటుంటుంది, మైకులో అరిస్తే చచ్చిపోతుంది. తమ్ముడి దగ్గర ఎలాగూ అరుపు తప్ప ఇంకేం ఉండదని అనుకున్నారేమో. ఈ మిషన్ తయారుచేసిన మసాయుకి ఉయెమురా 2021 డిసెంబరులో పోయాడు. ఆ వార్త చదివిన రోజు ఆ మైకు దగ్గర నోరు పెట్టి ఒకసారి "హలో" అన్నాను. మిషన్‌కు కరెంటు కూడా లేదు అప్పుడు.

ఏవీ ఫ్యామికామ్‌లో క్యాసెట్ పెట్టి స్విచ్ వేశాను. బూడిదరంగు తెర. తీసి, చిన్నప్పటి అలవాటు కొద్దీ నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ అని ఊది, మళ్లీ పెట్టాను. ఈసారి చెత్తచెత్తగా గీతలు.

ఈ ఊదడం మీద ఒక మాట చెప్పాలి. లోకమంతా పిల్లలు ఎవరూ నేర్పకుండానే క్యాసెట్లు ఊదారు. ఊదితే పనిచేసేది కూడా. నిజానికి పనిచేసింది ఊపిరి కాదు, తీసి మళ్లీ పెట్టడం. పిన్నులు కాస్త అటూ ఇటూ జరిగి సరిగ్గా ఆనుకుంటాయి. ఊపిరిలో తడి ఉంటుంది, ఆ తడికి రాగి పిన్నులు చిలుము పడతాయి. ఊదొద్దని నింటెండో వాళ్లే చెప్పారు. కాబట్టి నేను ఆరేళ్ల వయసులో ఎంతో నైపుణ్యంతో చేసిన రిపేరు పని మొత్తం, ఆ క్యాసెట్ ప్రాణం కొంచెం కొంచెంగా తీయడమే.

ఇప్పుడు చేసేది వేరే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, దూది పుల్లలు. పుల్ల తడిపి, పిన్నుల మీద పొడవునా నడిపిస్తే దూది నల్లగా వస్తుంది. రెండో పుల్ల కాస్త బూడిదరంగు. మూడోది కూడా అంతే. ఆ రాత్రి బ్యాటిల్ సిటీకి పదకొండు పుల్లలు పట్టాయి. పన్నెండోది తెల్లగా బయటికొచ్చింది. ఆ నలుపు ఎవరి వేళ్ల మురికో, ఎన్ని ఊదుళ్లో. ఆరనిచ్చి, పెట్టి, స్విచ్ వేశాను. ఇటుకలతో కట్టిన అక్షరాలు కిందినుంచి పైకి లేచాయి. స్టేజ్ ఒకటి. ఆ చిన్న ట్యూన్. తర్వాత ట్యాంకు ఇంజను గురగుర.

కళ్లలో నీళ్లు తిరిగాయని రాస్తే బాగుంటుంది గానీ, తిరగలేదు. అర్ధరాత్రి పన్నెండు వరకూ ఆడాను. నాలుగో స్టేజీలో నీళ్లొచ్చాయి. పడవ కోసం చూశాను. రాలేదు. ఐదు, ఆరు, పది. నక్షత్రం వచ్చింది, గడియారం వచ్చింది, పార వచ్చింది, పడవ రాలేదు. నా జ్ఞాపకం తప్పా? అన్నయ్యకు మెసేజ్ పెట్టాను, "ట్యాంకుల ఆటలో పడవ ఉండేదా?" పొద్దున్నే జవాబొచ్చింది. "ఉండేది. నీకు ఎప్పుడూ దొరకలేదు."

మళ్లీ వెతుకులాట. అప్పుడు బయటపడింది సంగతి. అసలు బ్యాటిల్ సిటీలో పడవ లేనే లేదు. ఆ ఆటను ఎవరో విప్పి, స్టేజీలు మార్చి, పడవ లాంటి కొత్త బొమ్మలు చేర్చి, ట్యాంక్ 1990 అనే పేరుతో ఆ పసుపు క్యాసెట్లలోకి ఎక్కించేశారు. మేం ఆడింది దొంగ మిషన్ మీద, దొంగ క్యాసెట్‌లో, దొంగగా మార్చిన ఆట. నేను ఇన్ని తిప్పలు పడి సంపాదించిన అసలు సిసలు నామ్‌కో క్యాసెట్ నా చిన్ననాటి ఆట కానే కాదు.

అప్పటికి సేకరించేవాళ్ల మధ్య తిరిగి, నకలు అంటే మొహం చిట్లించడం నాకూ అలవాటైపోయింది. చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ మిషన్ క్యాసెట్ విప్పి, లోపల చిప్పులకు బదులు నల్లటి తారు బొట్టు కనబడితే "ఫేక్" అని పక్కన పడేయడం, లేబుల్ మీద నొక్కిన అంకె ఉందో లేదో వెలుతురులో వంచి చూడటం, ఇవన్నీ నేర్చుకున్నాను. ఇప్పుడు అదే నేను నకలు క్యాసెట్ల కోసం వెతకడం మొదలుపెట్టాను. అమ్మేవాళ్లకు అర్థం కాలేదు. "ఒరిజినల్ ఉంది సార్" అంటారు. "వద్దు, పసుప్పచ్చది కావాలి" అంటే ఏదో లాభం ఉందేమోనని అనుమానంగా చూస్తారు.

వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో ఒక లెక్క తేల్చింది. అమెరికాలో వచ్చిన పాత ఆటల్లో 87 శాతం అప్పటికి మార్కెట్లో మామూలుగా కొనుక్కునేందుకు లేవట. ఆ అంకె చదివి అందరూ అయ్యో అన్నారు, నేనూ అన్నాను. కానీ నా పడవ ఆట ఆ 87లోనూ లేదు, మిగిలిన 13లోనూ లేదు. దాన్ని ఎవరూ పేరు పెట్టుకుని, బాధ్యత తీసుకుని విడుదల చేయలేదు కదా. కంప్యూటర్లో పాత మిషన్‌లా నటించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుని ఆడుకోవచ్చు, ఆడాను కూడా. కానీ క్యాసెట్ లేకుండా ఆ ఆట అలమరాలోకి రాదు. నా పిచ్చి నాది.

ఇప్పటికి ఏడు పసుపు క్యాసెట్లు దొరికాయి. లేబుల్ మీది బొమ్మకూ లోపలి ఆటలకూ సంబంధం ఉండదు, పెట్టి చూడాల్సిందే. ఐదింటిలో అసలు ట్యాంకులే లేవు. ఆరోదాంట్లో ఉంది గానీ పడవ లేనిది. ఏడోదాని మీద ట్యాంకు బొమ్మ, కింద 1990 అని అంకె. పెడితే నల్ల తెర. పుల్లలు ఒక డబ్బా అయిపోయింది, పిన్నులు అద్దంలా మెరిశాయి, తెర మాత్రం నలుపే. విప్పి చూస్తే బోర్డు మధ్యలో తారు బొట్టు. అసలు చిప్పు అయితే ఊడదీసి పరీక్షించొచ్చు, బొట్టు కింద ఉన్నదాన్ని ఏమీ చేయలేం. పడవ ఆ బొట్టు కిందే ఉందని నా నమ్మకం.

ఈలోగా సేకరణ దాని దారిన అది పెరిగింది. సెగా కంపెనీ మిషన్ మెగా డ్రైవ్ ఒకటి వచ్చింది, యూరప్‌లో అమ్మిన రకం. వేగంగా పరిగెత్తే ముళ్లపంది సోనిక్ ఆట పెడితే పాట ఈడుస్తున్నట్టుంటుంది. అక్కడి టీవీలు సెకనుకు 50 బొమ్మల లెక్క, ఆట చేసింది 60కి. ఆరో వంతు నెమ్మది. సోనిక్ లాంటివాడు నెమ్మదిగా పరిగెత్తడం చూస్తే జాలేస్తుంది. పాత గాజు టీవీ కూడా తెచ్చాను. ఇద్దరం మోశాం, మూడోవాడు ఉంటే బాగుండుననుకుంటూ. తెర మీద బాతుల్ని కాల్చే ఆట ఒకటుంది, దాని తుపాకీ కొత్త టీవీల్లో పనిచేయదు. అసలు ఆ తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు, వెలుగే దాని లోపలికి వెళ్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి మెరుస్తుంది. తుపాకీ కన్ను ఆ తెలుపును చూస్తే బాతు పడినట్టు. ఎల్‌సీడీ తెర ఆ మెరుపును ఆలస్యంగా చూపిస్తుంది, బాతు ఎగిరిపోతుంది. ఒక మిషన్ పైభాగం పసుపెక్కితే హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెట్టాను, ఎవరో చేస్తే తెల్లగా వచ్చిందని చూసి. నాది చారలు చారలుగా వచ్చింది. ఇప్పుడది జీబ్రా. దాన్ని చూపించమని ఎవరైనా అడిగితే మాట మారుస్తాను.

సీడీల మిషన్ల జోలికి పెద్దగా వెళ్లలేదు. అది వేరే జబ్బు.

గేమ్‌బాయ్ గురించి మాత్రం చెప్పాలి. 1989 నాటి బూడిదరంగు ఇటుక, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. స్విచ్ వేయగానే పైనుంచి నింటెండో పేరు మెల్లగా కిందికి జారుతుంది. ఆ పేరు ఊరికే అలంకారం కాదు. మిషన్ దాన్ని క్యాసెట్‌లోంచి చదివి, తన దగ్గరున్న అచ్చుతో పోల్చి చూసుకుంటుంది. తేడా వస్తే అక్కడే ఆగిపోతుంది. క్యాసెట్ పిన్నులు మురికిగా ఉంటే అక్షరాలు విరిగి, నలిగి దిగుతాయి. క్యాసెట్ లేకపోతే ఒక నల్లటి పట్టీ దిగుతుంది. ఆ పట్టీని చూసి చూసి, ఏ మేరకు మురికి ఉందో చెప్పగల స్థితికి వచ్చాను.

ఒక గంపగుత్త కొనుగోలులో పోకెమాన్ రెడ్ అనే గేమ్‌బాయ్ ఆట వచ్చింది, వింత జంతువుల్ని పెంచి, జిమ్ అనే చోట్ల పోటీలు గెలిచి ఎనిమిది బ్యాడ్జీలు సంపాదించే ఆట. ఆడి చూద్దామని పెడితే మెనూలో కంటిన్యూ అని ఉంది. ఎవరిదో సేవ్. ఈ క్యాసెట్లలో ఆటను గుర్తుంచుకోవడానికి నాణెం లాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది, అది సచ్చేదాకే జ్ఞాపకం. అప్పటికే ఆ బ్యాటరీ పాతికేళ్లు దాటి ఉంటుంది. ఇంకా బతికే ఉంది.

తెరిచాను. నాలుగక్షరాల పేరు. బ్యాడ్జీలు ఏడు. ఆడిన సమయం అరవై మూడు గంటలు చిల్లర. ఎనిమిదో బ్యాడ్జీ గుమ్మం ముందు, ఆ జిమ్‌లోకి అడుగుపెట్టే చోట సేవ్ చేసి ఆపేశాడు. లేదా ఆపేసింది. చారిజార్డ్ అనే జంతువుకు పెట్టిన ముద్దుపేరు చూస్తే చిన్నపిల్ల అనిపించింది, సంచిలో పోగేసిన వస్తువులు చూస్తే పొదుపరి. వెయ్యి పోషన్లు పెట్టుకుని వాడకుండా దాచుకునే పిల్లలుంటారు, అలాంటి మనిషి. ఆ రోజు ఎవరు అన్నానికి పిలిచారో, బ్యాటరీలు అయిపోయాయో, పెద్దవాళ్లు తిట్టారో. మర్నాడు మళ్లీ తెరవలేదు.

బ్యాటరీ మార్చకపోతే ఇవాళో రేపో ఆ సేవ్ పోతుంది. మార్చాలంటే పాతది ఊడదీయాలి, ఊడదీస్తే ఆ క్షణమే పోతుంది. నెల రోజులు దాని జోలికి పోలేదు. చివరికి క్యాసెట్‌లోది కంప్యూటర్‌కు ఎక్కించే చిన్న పరికరం తెప్పించాను. ముందు సేవ్‌ను కాపీ చేసుకుని, రెండుసార్లు సరిచూసుకుని, క్యాసెట్ విప్పాను. దాని స్క్రూకు మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. అతుకులు కరిగించి పాత బ్యాటరీ తీసి, కొత్తది అతికి, కాపీని వెనక్కి ఎక్కించాను. చేతులు వణికాయి, అది నిజం. కంటిన్యూ నొక్కితే అదే పేరు, అవే ఏడు బ్యాడ్జీలు, అదే గుమ్మం.

ఎనిమిదో జిమ్‌లోకి నేను వెళ్లలేదు. చాలామంది అడిగారు, వెళ్లొచ్చు కదా, కాపీ ఉంది కదా అని. అరవై మూడు గంటలు నావి కావు.

మొన్న అన్నయ్య వచ్చాడు. ఎప్పుడో వస్తానన్నవాడు ఎప్పుడో వచ్చాడు. అలమరా చూసి పెద్దగా ఏమీ అనలేదు. జీబ్రా మిషన్ దగ్గర మాత్రం ఆగి, "ఇదేంట్రా?" అన్నాడు. మాట మార్చాను. గాజు టీవీ వేడెక్కే వరకూ ఆగి బ్యాటిల్ సిటీ పెట్టాను. నేను వైర్లు సర్దుకుని తల తిప్పేసరికి ఒకటో జాయ్‌స్టిక్ తన చేతిలో ఉంది.

మూడు స్టేజీలు ఆడాం. నా ట్యాంకు రెండుసార్లు బిగుసుకుపోయింది. "తగిలిందిరా" అన్నాడు. నాలుగోదాంట్లో నీళ్లు రాగానే అడిగాడు.

"పడవేదిరా?"

"ఇందులో ఉండదు అన్నయ్యా. ఉన్నది దొరికింది గానీ, అది పోయింది."

ఏడో క్యాసెట్ చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ అని ఊదాడు. ఆపబోయి ఊరుకున్నాను. పోయినదానికి తడి ఏం చేస్తుంది. పెట్టి చూశాం, నలుపే. తీసి పక్కన పెట్టి, మళ్లీ బ్యాటిల్ సిటీ వేశాడు. మెనూలో ఒక ప్లేయర్, ఇద్దరు ప్లేయర్లు, కింద కన్‌స్ట్రక్షన్ అని ఉంటుంది. మన స్టేజీ మనమే గీసుకోవచ్చు. చిన్నప్పుడు మేం దాని జోలికి వెళ్లిన గుర్తు లేదు. అన్నయ్య అది నొక్కాడు. ఖాళీ మైదానం, కింద గద్ద. బటన్ నొక్కుతూ ఇటుక, ఉక్కు దాటించి నీళ్లు తెచ్చాడు. తెర మధ్యలో ఈ చివర నుంచి ఆ చివర వరకూ, ఒక్క గడి కూడా వదలకుండా నది గీశాడు.

"పడవ లేదుగా, ఇక ఒక్కడూ దాటలేడు" అన్నాడు.

"అన్నయ్యా, ఇది సేవ్ అవదు. స్విచ్ ఆపితే పోతుంది."

"పోతే పోనీ. స్టార్ట్ నొక్కు."

"నొక్కాల్సింది నువ్వే."

నొక్కాడు. పైన శత్రు ట్యాంకులు దిగి, నది ఒడ్డు దాకా వచ్చి, అక్కడే అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాయి. ఇటు గట్టు మీద మేమిద్దరం. హాయిగా నవ్వుకుంటున్నాం. అప్పుడు అటు నుంచి ఒక గుండు నీళ్ల మీదుగా తిన్నగా వచ్చి మా గూటి ఇటుకలు రెండు ఎగరగొట్టింది. ట్యాంకులకే నది అడ్డం, గుళ్లకు కాదు. ఆ సంగతి ఇద్దరం మర్చిపోయాం. "ఒరేయ్, గద్ద, గద్ద!" అని అన్నయ్య అరుస్తున్నాడు. నేను నా ఆకుపచ్చ ట్యాంకును గూటికి అడ్డం పెడదామని పరిగెత్తించాను. సగం దూరంలో అది బిగుసుకుపోయి మిణుకు మిణుకుమంటూ నిలబడింది.

"ఈసారి నిజంగా పొరపాటేరా!"